చీటీ మీద లేని చోటు

సోమవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు సాయిలు మొక్కలు ఆరబెట్టే చెక్కల పట్టీలు విప్పి, తడిసిన పాత పేపర్లు తీసి పొడివి పెట్టాడు. నాగర్‌కర్నూల్‌లో ఒక డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో ఆయన అటెండర్. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. వయసు అరవై. ఎడమ బొటనవేలికి గోరు లేదు.

అల్మారాల్లో నాలుగు వందల పన్నెండు ఎండు మొక్కలున్నాయి. అన్నీ లింగాల అవతల, తాను పుట్టిన చెంచుపెంట అనే గూడెం చుట్టూ ఉన్న అడవి నుంచి ఆయన తెచ్చినవే. అట్టల మీది చీటీల్లో 'సేకరించినవారు' అన్నచోట లెక్చరర్ల పేర్లుంటాయి. వాటి మీద నలుగురు పీహెచ్‌డీలు చేశారు. ఇద్దరు ప్రిన్సిపాళ్లయ్యారు. వరండాలో వాళ్ల ఫొటోలున్నాయి. శనివారాలు వాటిని తుడిచేది సాయిలే.

ఈసారి ఫొటో నందినిది కావచ్చు. పెద్దమందడి రైతు కూతురు, ఫైనలియర్. ఒక అడవి గడ్డ తీగ మీద ఆమె చేసిన ప్రాజెక్టు నచ్చి హైదరాబాద్‌ పరిశోధన సంస్థ రెండేళ్ల సీటు ఇస్తానంది. తీగ పెరిగే చోటు చూడటానికి ఆ సంస్థ నుంచి ఇద్దరు ఈ రోజు పదకొండుకు వస్తున్నారు. చూడలేకపోతే సీటు వనపర్తి విద్యార్థికి పోతుంది. చీటీలో ఉన్న చోటు లింగాల చెరువుకట్ట.

జీపులో ముందు కూర్చొని దారి చూపమని విభాగాధిపతి మాలతి చెప్పింది. సాయిలు పేపర్లు మడవడం ఆపలేదు.

"చెరువుకట్ట మీద గా తీగ లేదు మేడం. నేనే గట్ల చెప్పిన."

ఇరవై ఏళ్ల కింద ఆయన ఒక గడ్డ తీగ అసలు చోటు చెప్పాడు. అది పత్రికలో అచ్చయింది. మరుసటి వానాకాలం బయటివాళ్లు సంచులతో వచ్చి గుట్ట వాలంతా తవ్వుకుపోయారు. చెంచులు గడ్డ తవ్వితే మళ్లీ మొలవడానికి తల భాగం మట్టిలోనే వదిలి కప్పుతారు. వచ్చినవాళ్లు అదీ వదల్లేదు. ఆ ఏడు పెంటలో తినడానికి గడ్డల్లేవు. అప్పటి నుంచి ఎవరు ఏ మొక్క గురించి అడిగినా ఆయన చెరువుకట్టో, రోడ్డు పక్కో చెబుతూ వచ్చాడు.

"అంటే మా సార్లంతా చెరువుకట్ట మీదనే డాక్టర్లయిన్రా తాతా?" అంది పక్కనే ఉన్న నందిని.

సాయిలుకు నవ్వొచ్చింది. నందినికి రాలేదు. సీటు వచ్చిందని ఇంట్లో అప్పుడే చెప్పేసింది.

"దా బిడ్డా, చూపిస్త. రాసుడు మాత్రం వద్దు."

అడవి అంచున జీపు ఆగాక సంస్థ నుంచి వచ్చిన ఇద్దరిలో పెద్దవాడైన రాఘవేందర్ ఫోన్‌లో లొకేషన్ తీయబోయాడు.

"కండ్లతోని చూడున్రి సారు. ఫోన్లు జీపుల వెట్టి రాన్రి," అన్నాడు సాయిలు.

రాఘవేందర్ మాలతి వైపు చూశాడు. ఆమె అప్పటికే తన ఫోన్ సీటు మీద పెట్టింది.

గంట నడిచారు. తీగలు పదిహేడు, పూత మీద ఉన్నాయి. రాఘవేందర్ ఆకులు కొలిచి, ఫారంలో 'చూశాం' అని మాత్రం రాసి సంతకం చేశాడు. గుట్ట దిగేటప్పుడు సాయిలు రెండుసార్లు కూర్చున్నాడు. ఎండ అన్నాడు.

తిరుగు దారిలో వెనక సీట్లో కిటికీకి తల ఆనించాడు. అచ్చంపేట దాటాక నీళ్లిద్దామని నందిని పిలిచింది. పలకలేదు. ఐదు గంటల ఇరవై నిమిషాలకు దవాఖానలో డాక్టర్ ఆయన చనిపోయాడని రాశాడు.

గురువారం సీటు ఉత్తర్వు వచ్చింది. నందిని సోమవారం అడవి నుంచి తెచ్చిన తీగ కొమ్మను అట్టకు అంటించి, సేకరించినవారు సాయిలు అని రాసింది. చోటు ఖాళీగా వదిలింది. మాలతి సంతకం పెట్టింది.

శనివారం జీపు కడుగుతుంటే వెనక సీటు కింద సాయిలు తువ్వాల దొరికింది. దాని కొసన మూడు గింజలు ముడివేసి ఉన్నాయి. అవి ఏ మొక్కవో విభాగంలో ఎవరూ చెప్పలేకపోయారు.