డాక్టరు గారు చెప్తారు

జెల్ చల్లగా ఉంటుందని ముందే చెప్పడం ఆమె అలవాటు. చెప్పినా పేషెంట్లు ఉలిక్కిపడుతూనే ఉంటారు. ఆమె చిన్నగా నవ్వి, స్కానింగ్ ప్రోబును పక్కటెముకల కింద ఆనించి, "గాలి పీల్చి బిగబట్టండి" అంటుంది. తెర మీద కాలేయం, మూత్రపిండం ఒకదాని వెనుక ఒకటి బూడిదరంగులో తేలి వస్తాయి. కొలతలు తీసుకుని, పొట్ట తుడుచుకోమని టిష్యూ కాగితాలు అందిస్తుంది. అప్పుడు అందరూ అడిగేది ఒక్కటే.

"ఏముందమ్మా లోపల?"

"డాక్టరు గారు చెప్తారు."

ఆసుపత్రిలో అందరికీ ఆమె స్కానింగ్ అక్క. బొమ్మ తీయడం ఆమె పని, అందులో ఏముందో చెప్పడం డాక్టరు పని. ఆ గీత ఆమె ఏనాడూ దాటలేదు. ఏళ్ళ తరబడి అని అని ఆ మాట నోటికి అంటుకుపోయింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా డాక్టరు గారు చెప్తారనేలా ఉన్నావని ఇంట్లో మొగుడు ఏడిపిస్తాడు. ఆ మాటే ఆమెకు అన్నయ్యను దూరం చేసిందని అతనికీ తెలుసు కనక, ఎక్కువ సాగదీయడు.

అప్పట్లో వదిన కడుపునొప్పని వస్తే స్కాను చేసింది ఆమే. చూడగానే అది మామూలు నొప్పి కాదని తెలిసిపోయింది. వదిన అడిగితే మాత్రం అందరికీ చెప్పేదే చెప్పింది. అన్నయ్యకూ అంతే. పెద్ద జబ్బేమీ కాదనుకుని అతను పని మీద వేరే ఊరు వెళ్ళాడు. పరీక్షలన్నీ పూర్తయి, కబురంది తిరిగొచ్చేసరికి వదిన మనిషిని గుర్తుపట్టే స్థితిలో లేదు. "చూసి కూడా నోరు మెదపలేదు," అన్నాడు. వదిన పోయిన తరువాత చెల్లెలితో మాట మానేశాడు.

ఈ రోజు వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చింది అతన్నే. చీటీ మీద పేరు చూసేదాకా ఆమె పోల్చుకోలేకపోయింది. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట కుండలా ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. ఆమెను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కడుపులో చేరిన నీరు డాక్టరు సూదితో తీయాలి. పేగుకు తగలకుండా ఆ సూది ఎక్కడ దించాలో చూపించడం ఆమె వంతు. ప్రోబు జరుపుతూ వెతికింది. నల్లగా నిండిన నీరు, అందులో ఊగుతున్న పేగులు, ఒక పక్కకు ముడుచుకుపోయి గతుకులు పడ్డ కాలేయం. "ఇక్కడ సార్," అంది. తెర మీద సూది సన్నటి తెల్లగీతలా నీటిలోకి దిగింది. ఆమె మణికట్టు కదలలేదు.

గొట్టంలోంచి నీరు సీసాలోకి దిగుతుంటే డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. గదిలో వాళ్ళిద్దరే మిగిలారు.

"నీకు కనబడిందిగా," అన్నాడు అన్నయ్య, గోడవైపే చూస్తూ. "ఇంకెన్నాళ్ళే నాకు?"

ఇన్నేళ్ళకు అతను ఆమెతో ఆడిన మొదటి మాట అది.

"డాక్టరు గారు చెప్తారు అన్నయ్యా."

అనేశాక గాని ఏమన్నదో ఆమెకే తెలియలేదు. నాలుక కోసేసుకోవాలనిపించింది. అన్నయ్య ఆమెవైపు తిరిగాడు. కోప్పడలేదు, అలసటగా నవ్వాడు.

"నువ్వు మారవే. సర్లే, చెప్పకు. సాయంత్రం పైన వార్డుకు రా. ఊరికే కాసేపు కూర్చుందువుగాని."

"డ్యూటీ అయిపోగానే వస్తా."

భోజనాల వేళ వెళ్ళగలిగేదే. వెళ్ళలేదు. చెప్పాల్సింది ఎలా చెప్పాలో ముందు కూడదీసుకోవాలనుకుంది. డ్యూటీ దిగే వేళకు బయట ఇంకా ముగ్గురు కూర్చుని ఉన్నారు. "నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళక్కా," అంది తరువాతి షిఫ్టు అమ్మాయి. అయినా ఆ ముగ్గురినీ తనే చూసింది. నిజం చెప్పాలంటే ఆ ఆలస్యం ఆమెకు హాయిగానే ఉంది. అందుకు తనను తాను తరువాత ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

మెట్లెక్కుతూ మాటలు సరిచూసుకుంది. ఎక్కువ రోజులు లేవు అన్నయ్యా. వదినప్పుడు చెప్పకపోవడం నా తప్పే. ఇక రోజూ వస్తాను. ఈసారి ఒక్క ముక్క కూడా దాచకూడదనుకుంది.

వార్డులో చివరి మంచం మీద దుప్పటి తీసేసి ఉంది. నర్సు పరుపు తుడుస్తోంది.

"ఇందాకే పోయారక్కా, నిద్రలోనే. కిందికి తీసుకెళ్ళారు, వాళ్ళబ్బాయి అక్కడే ఉన్నాడు," అని, ఆమె మొహం చూసి ఆగిపోయింది. "చెల్లెలొస్తుందన్నది... మీ గురించేనా? పక్క మంచం వాళ్ళు ఆ స్టూలు ఎంత అడిగినా ఇవ్వలేదక్కా. 'రోజంతా నిలబడి వస్తుంది మా చెల్లి, కూర్చోవద్దూ?' అని దాని మీద చెయ్యేసుకునే పడుకున్నారు."

తలగడ వైపు, మంచానికి ఆనుకుని నీలం ప్లాస్టిక్ స్టూలు ఉంది, మెత్తగా ఉండేందుకు దాని మీద నాలుగు మడతలు వేసి పరిచిన అతని తువ్వాలు.