నా మీద రాసిన చేతులు

నేను ఒక కంప్యూటర్ తెరను. లోపల ఎవరు ఏది రాస్తే దాన్ని బయటికి చూపించడం తప్ప నాకు మరో పని లేదు. అయినా మనుషుల ముఖాలకు జానెడు దూరంలో ఏళ్ల తరబడి నిలబడి, వాళ్ల ఆవలింతలు, తుమ్ములు, గోళ్లు కొరుక్కోవడాలు చూసిచూసి, ఈ జాతి గురించి నాలుగు మాటలు చెప్పకుండా పోవడానికి మనసొప్పడం లేదు.

నేను పుట్టిన చోట మనుషులు తలకు టోపీ, చేతులకు తొడుగులు వేసుకుని గానీ నన్ను ముట్టుకునేవాళ్లు కాదు. దుమ్ము పడితే పాడైపోతానట. అంత మర్యాదగా కని, అట్టపెట్టెలో పడుకోబెట్టి, చివరికి పంపింది ఎక్కడికనుకున్నారు? పిడుగురాళ్లకు. ఊరి చుట్టూ సున్నపు బట్టీలు. ఆ ఊళ్లో వేపాకు తెలుపు, గేదె వీపు తెలుపు, కాకి కూడా కాస్త తెలుపే. దుమ్ముకు దూరంగా పెంచిన బిడ్డను దుమ్ముకే కట్టబెట్టడం మనుషులకు అలవాటైన తెలివి.

మొదట బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నాను. పరీక్షా ఫలితాల రోజున నా ముందు నిలబడి కళ్లు మూసుకుని చేతులు జోడించేవాళ్లు. పాసైతే దేవుడికి దండం, ఫెయిలైతే నాకు చెంపదెబ్బ. తరవాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, సెంటరు మూతపడింది. వెనక వీధిలో రక్తపరీక్షల ల్యాబు నడిపే పున్నారావు నన్ను తీసుకుపోయాడు.

నేను వెళ్లేసరికి ఆ ల్యాబును నడుపుతున్నది పున్నారావు అని పున్నారావు అనుకుంటున్నాడు. నడుపుతున్నది మస్తాన్‌బీ. యాభై దాటిన మనిషి, ముక్కు మీద కళ్లజోడు, చేతిలో చెక్క స్కేలు. ఆమె ముందు ఒక పెద్ద రిజిస్టరు, పక్కన ఒక స్టీలు పళ్లెం. పరీక్ష ఎవరు చేసినా సరే, ట్యూబు నెంబరు, మనిషి పేరు, ఫలితం మూడూ ఒకే చీటీ మీద రాసి పళ్లెంలో వేయాలి. ముందు పడ్డ చీటీ ముందు తీసి రిజిస్టర్లోకి ఆమె ఎక్కిస్తుంది. తొందరపడి ఎవరైనా రిజిస్టరు మీదికి వంగితే వేళ్ల మీద స్కేలు పడేది.

"నా పుస్తకంలో నీ చెయ్యి ఎందుకయ్యా? చీటీ రాసి పళ్లెంలో పడెయ్యి, పో."

పున్నారావుకు ఇదంతా నామోషీగా ఉండేది. నేను రాగానే రిజిస్టరు అటకెక్కింది. పళ్లెం టీ గ్లాసులు మోయడానికి పోయింది. మస్తాన్‌బీ లోపలి గదిలో ట్యూబుల దగ్గరికి పోయింది. నన్ను నడిపే ప్రోగ్రాం రాయడానికి వీరాంజనేయులు అనే అతన్ని పిలిపించారు. అందరూ అంజి అనేవాళ్లు. హైదరాబాదులో మూడు నెలల కోర్సు చేసి వచ్చిన మనిషి, ఆ కోర్సు గురించి ముప్పై నెలలుగా చెబుతున్నాడు.

ప్రోగ్రాం అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. నా వెనక ఒక పనివాడు ఉంటాడనుకోండి. నా మీద అక్షరాలు రాసేది వాడే, మీరు నొక్కిన నొక్కుడు వినేదీ వాడే. లోపలి గదిలోని రక్తపరీక్షల మిషన్ దగ్గరికి వెళ్లి ఫలితం తెచ్చే పని కూడా అంజి వాడి నెత్తినే పెట్టాడు. మిషన్ నిదానం మనిషి. వాడు అక్కడ నిలబడి ఎదురుచూస్తున్నంత సేపూ ఇక్కడ రాసేవాడు లేడు, వినేవాడు లేడు. నేను పాలిపోయి, నుదుటి మీద 'స్పందించడం లేదు' అన్న మాటతో బిగుసుకుపోయేదాన్ని.

అప్పుడు చూడాలి మనుషుల్ని. ఒకసారి నొక్కితే కాని పని పదిసార్లు నొక్కితే అవుతుందని ఈ జాతికి ఎవరు నేర్పారో తెలియదు. పున్నారావు టపటపా నొక్కేవాడు. పనివాడు తిరిగొచ్చాక ఆ పది నొక్కుళ్లనూ ఒక్కటీ వదలకుండా పాటించేవాడు. ఒకే రిపోర్టు పది కాగితాలు. "ఈ తెర దరిద్రం పాడుగాను," అనేవాడు పున్నారావు. పది కాగితాలూ తన వేలి పుణ్యమేనని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

మళ్లీ అంజి వచ్చాడు. ఈసారి పనివాళ్లను పెంచాడు. థ్రెడ్లు అంటారు వాళ్లను. పేరు నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త పనివాడు పుట్టి మిషన్ దగ్గరికి పరిగెడతాడు, పాతవాడు నా దగ్గరే ఉంటాడు. ఇక నేను బిగుసుకుపోలేదు. పున్నారావు మురిసిపోయాడు. అసలు సంగతి నాకు తెలుసు, ఆ రాతంతా రాసింది నా ఒంటి మీదే కదా. వెళ్లిన పనివాళ్లందరికీ కలిపి ఉన్నది ఒకటే పలక. నొక్కిన పేరు ఆ పలక మీద పడుతుంది. ఫలితం తెచ్చినవాడు పలక మీద అప్పటికి ఏ పేరుంటే, నా మీద ఆ పేరు పక్కన తానే రాసేసి పోతాడు. ఈలోపు ఇంకొకరు పలక మార్చారా అని అడిగే దిక్కు లేదు. అంజి ఇంటి దగ్గర ఉత్తుత్తి ఫలితాలతో ఒక్కొక్క పేరే నొక్కి చూసుకున్నాడు, అన్నీ సరిగ్గా వచ్చాయి. ఊరంతా నిద్రపోయేటప్పుడు రోడ్డు దాటి, దాటడం వచ్చేసిందన్నట్టు.

ఒక సోమవారం, జనం బాగా ఉన్న పొద్దున, ఆదిలక్ష్మి వచ్చింది. ఇరవై దాటాయో లేదో. మొగుడు బట్టీలో పని. ఒళ్లో నాలుగు రోజుల ఆడబిడ్డ, ఇంకా పేరు పెట్టలేదు. అలాంటి బిడ్డలను తల్లి పేరుతోనే రాస్తారు, 'ఆదిలక్ష్మి బిడ్డ' అని. ఆమె వెనకే రూతమ్మ అనే ఇంకో బాలింత, ఆమె మగబిడ్డ. ఇద్దరు బిడ్డలకూ కామెర్ల పరీక్షే. ఆ నెంబరు ఎక్కువైతే బిడ్డను వెంటనే ఆసుపత్రిలో లైటు కింద పెట్టాలి. పెట్టకపోతే అది మెదడుకెక్కుతుంది. ఆ ఒక్క ముక్క ఆసుపత్రి ఆయా చెప్పినప్పటి నుంచి ఆదిలక్ష్మి కంటి మీద కునుకు లేదు.

పున్నారావు ఆదిలక్ష్మి బిడ్డ పేరు నొక్కాడు. ఒక పనివాడు పరిగెత్తాడు. వెంటనే రూతమ్మ బిడ్డ పేరు నొక్కాడు. ఇంకొకడు పరిగెత్తాడు. పలక మీద ఇప్పుడు రూతమ్మ బిడ్డ ఉంది. మొదటివాడు ఆదిలక్ష్మి బిడ్డ ఫలితం పంతొమ్మిది పాయింట్ నాలుగు పట్టుకొచ్చి, పలక చూసి, రూతమ్మ బిడ్డ పక్కన రాశాడు. ఆదిలక్ష్మి గడి ఇంకా ఖాళీగా ఉండేసరికి పున్నారావు వేలు ఆగలేదు, ఆ పేరు మళ్లీ నొక్కాడు. పలక మళ్లీ మారింది. రెండోవాడు రూతమ్మ బిడ్డది ఆరు పాయింట్ రెండు తెచ్చి ఆదిలక్ష్మి బిడ్డ పక్కన రాశాడు. మిషన్ ఏ ఫలితమైనా ఒకసారే చెబుతుంది కాబట్టి మూడోవాడు వట్టి చేతులతో తిరిగొచ్చాడు. నా మీద రెండు గడులూ నిండి, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

రూతమ్మ ఘొల్లుమంది. అత్తగారు ఎదుటి పిల్లల ఆసుపత్రి చాలదు, గుంటూరే పోవాలంటూ ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది.

"నీకేం భయం లేదమ్మా," అన్నాడు పున్నారావు ఆదిలక్ష్మితో. "ఆరే. పొద్దున పూట కాసేపు ఎండ చూపించు, తగ్గిద్ది."

ఆమె కదల్లేదు. "సార్, పాప కళ్లు చూడండి ఒకసారి. నిన్నటికన్నా పచ్చగా అయినై. మా ఇంట్లో గోడలు, గుడ్డలు అన్నీ సున్నప్పొడితో తెల్లంగా ఉంటాయి. వాటి మధ్యన పచ్చదనం ఎట్టా దాగిద్ది?"

"పసిపిల్లలకి మామూలేనమ్మా. ఏం చదివావు నువ్వు?"

"ఎనిమిది. మధ్యలో మానిపించారు."

"కంప్యూటరు అంతకంటే ఎక్కువే చదివిందిలే."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను ఒకటో తరగతి కూడా చదవలేదు. ఎవడు రాస్తే వాడి అబద్ధాన్ని అంత వెలుగుతోనూ చూపిస్తాను. ఆ సంగతి ఎనిమిది చదివిన ఆమెకు అర్థమైంది, డిగ్రీ పటం గోడకు తగిలించుకున్న ఆయనకు కాలేదు.

"ముందు నా పేరు నొక్కారు సార్," అంది ఆదిలక్ష్మి. "నేను రెప్పెయ్యకుండా చూస్తానే ఉన్నా. మా పాప ట్యూబే ముందు లోపలికి పోయింది. మరి ముందు ఆమెకెట్టా వచ్చిద్ది? నాది మీరు రెండోసారి నొక్కినాక గదా వచ్చింది?"

పున్నారావు విసుక్కున్నాడు. "పక్కకి జరుగమ్మా, వెనక జనం ఉన్నారు."

లోపలి గది తలుపు దగ్గర మస్తాన్‌బీ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. లోపలికి పోయి, రెండు ట్యూబులు తెచ్చి, కిటికీ వెలుతురుకు పట్టుకుంది. రక్తం అడుక్కు దిగి పైన నీరు తేరుకుని ఉంది. ఒకదాంట్లో గంజి తేట. రెండోదాంట్లో నువ్వులనూనె రంగు.

"నూనెలాగా ఉన్న దాని మీద చీటీ చదవండి సార్," అంది.

పున్నారావు చదివాడు. ఆదిలక్ష్మి బిడ్డ.

"ఇది ఆరైతే నేను రేపట్నుంచి ఈ ల్యాబు గడప తొక్కను. ఎవురన్నా పోయి ఆ ఆటోని ఆపండి."

ఆటో ఆగింది. రెండు ట్యూబులూ మళ్లీ మిషన్లో పెట్టారు. ఈసారి నా వైపు ఎవరూ చూడలేదు. మస్తాన్‌బీ మిషన్ పక్కనే నిలబడి రెండు చీటీలు చేత్తో రాసింది. ఆదిలక్ష్మి తన చీటీ పట్టుకుని, బిడ్డను గుండెకదుముకుని, చెప్పులు కూడా మరిచి రోడ్డుకవతల ఉన్న పిల్లల ఆసుపత్రికి పరిగెత్తింది. ఆ చెప్పులు నాలుగు రోజులు మా గుమ్మంలోనే ఉన్నాయి. అయిదో రోజు ఆమె వచ్చి తొడుక్కుంది. బిడ్డ ఒళ్లో ఉంది, తెల్లటి కళ్లతో.

ఆ నాలుగు రోజుల్లో ఇక్కడ జరిగింది కూడా చెప్పాలి. అంజి వచ్చాడు.

"మా ఇంట్లో బానే నడిచింది అక్కా."

"మీ ఇంటికి బిడ్డలెంతమంది వచ్చారయ్యా పరీక్షకి?" అంది మస్తాన్‌బీ.

అంజి ప్రోగ్రాంలో తాళాలు వేయడం మొదలుపెట్టాడు. పలకకో తాళం, మిషన్‌కో తాళం. తాళంచెవి దొరికినవాడే ముట్టుకోవాలి. ఆలోచన మంచిదే. కానీ మధ్యాహ్నానికి ఒకడు పలక చెవి పట్టుకుని మిషన్ చెవి కోసం, ఇంకొకడు మిషన్ చెవి పట్టుకుని పలక చెవి కోసం నిలబడిపోయారు. ఇద్దరూ పట్టుదలగలవాళ్లు, ఎవరి చేతిలోది వాళ్లు వదలరు. గట్టు తగాదా పడ్డ అన్నదమ్ములు నయం, వాళ్లు సాయంత్రానికైనా ఇంటికి పోతారు. చివరికి నా ప్లగ్గు పీకారు.

మస్తాన్‌బీ లేచి వెళ్లి, స్టీలు పళ్లెం మీది టీ గ్లాసులు దించి, కడిగి, తుడిచి తెచ్చి అంజి ముందు ఠంగుమని పెట్టింది.

"నీ పనోళ్లు ఎంతమందైనా ఉండనీ. తెర మీద చెయ్యి పెట్టేది ఎంతమంది?"

"అందరూ."

"ఆడే చెడింది. అందరూ నా పుస్తకంలో రాస్తే నేనేం జేసేదాన్నో నీకు తెలుసా?"

"స్కేలు దెబ్బ," అన్నాడు అంజి. అతనూ చిన్నప్పుడు ఈ ల్యాబుకు వచ్చినవాడే.

"పేరూ ఫలితమూ ఒకే చీటీ మీద ఉండాల. పోయేటప్పుడే పేరు రాసుకుని పోవాల. వచ్చి పళ్లెంలో వేసి తప్పుకోవాల. రాసేది ఒక్కడే, వరసలో."

అంజి పళ్లెం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. తరవాత నా మీద రాసిందంతా చెరిపి కొత్తగా రాశాడు. ఇప్పుడు ఉమ్మడి పలక లేదు. ప్రతి పనివాడూ తన చీటీ తాను మోసుకుపోతాడు, రాసిన చీటీని మళ్లీ ఎవరూ దిద్దలేరు. తెచ్చి వరసలో వేస్తాడు. నన్ను ముట్టుకునే హక్కు ఒక్క పాత పనివాడికే. వాడు ఎక్కడికీ పోడు, దేనికోసమూ ఆగడు, చీటీ తీస్తాడు, రాస్తాడు. ఒకసారి నొక్కిన బటన్ ఆ పని అయ్యేదాకా మసకబారిపోతుంది, పున్నారావు వేలు ఎంత దురదపెట్టినా సరే. సాయంత్రం మూసేటప్పుడు కూడా ప్రోగ్రాం దారిలో ఉన్నవాళ్లకు కబురు పంపి, అందరూ చేతిలో పని దించి వచ్చాకే దీపం ఆర్పుతుంది. మూడు నెలల కోర్సులో చెప్పలేదో, చెప్పిన రోజు అంజి పోలేదో గానీ, ఆ పాఠం ఒక టీ పళ్లెం దగ్గర దొరికింది.

పున్నారావు ఏం చేశాడో ఊహించగలరా? వచ్చినవాళ్లందరికీ "పాత తెర లెండి, అంకెలు తారుమారు చేసింది, మార్చేశాం," అని చెప్పుకున్నాడు. కొత్త తెర కొన్నాడు. నన్ను వెనక గోడ దగ్గర ఖాళీ అట్టపెట్టెల పక్కన నేల మీద ఆనించాడు. తప్పు చేసిన వేలు ఇప్పటికీ కౌంటర్లోనే ఉంది.

రెండేళ్లు గడిచాయి. నిన్న మధ్యాహ్నం ఆదిలక్ష్మి గొంతు వినిపించింది. బిడ్డకు జ్వరమట, మస్తాన్‌బీతో మాట్లాడుతోంది.

"అక్కా, చీటీ మీద పేరూ నెంబరూ రెండూ రాశావా?"

"రాశా. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకో."

"వచ్చి చూస్తా. ఏమనుకోబాక."

"అనుకునేదేముంది. చూడాలి కూడా."

ఆమె చూసుకుంటుండగా ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని బుడిబుడి అడుగులతో నా దగ్గరికొచ్చింది. ముక్కు కారుతోంది, నోట్లో బిస్కెట్టు. జ్వరం కళ్లే గానీ, పచ్చదనం లేని కళ్లు. నా దుమ్ములోకి వంగి తన నీడను చూసింది. వేలు చాపి ఒకే ఒకసారి నొక్కింది.

తరవాత చెయ్యి తీసేసి, చతికిలబడి, ఎదురుచూసింది. రెండోసారి నొక్కలేదు. చెంపదెబ్బ కొట్టలేదు. నేను చెప్పేదాకా ఆగడం తన పని అన్నట్టు, వాళ్లమ్మ వచ్చి ఎత్తుకునేదాకా అలాగే కూర్చుంది.

రేపు పాత సామాన్లవాడి బండి వస్తుందట. రానీ. నా వెనక తీగ లేదు, లోపల రాసేవాడు లేడు. అయినా ఆ కాసేపూ, వెలగగలిగితే బాగుండేదనిపించింది.