లోతు మోకాలిదాకానే

మరిడమ్మకి చిన్నప్పటినుంచీ ఒకటే జబ్బు: అడగడం. పోటు వచ్చిన నీరు మళ్లీ ఎక్కడికి పోతుంది, చేప నిద్రపోతే కన్ను మూస్తుందా, ఇలాంటివి. "దీన్ని చేసుకున్నవాడు జవాబులు చెప్పలేక సముద్రంలోకి పారిపోతాడు" అని తండ్రి నవ్వేవాడు. చేసుకున్న సత్తియ్య మాత్రం ఓపిగ్గా చెప్పేవాడు. తెలియకపోతే తెలియదనేవాడు. అందుకే అతనంటే ఆమెకి ప్రాణం.

ఆ సత్తియ్య కిందటేడు సముద్రం దాటి రంగం, అదే రంగూను, వెళ్లాడు. సరదాకి కాదు. సర్కారు బర్మా రాజు మీద యుద్ధానికి వెళ్లింది, అక్కడి ఏట్లో పడవలు నడపడానికి మనుషులు కావాలంది. తాసీల్దారు అప్పాజీ గారు కోరంగి దిగువనున్న వాళ్ల పల్లెకి వచ్చి, పదకొండుమంది పేర్లు రాసుకుని ఓడ ఎక్కించారు. ఈ వేసవిలో ఒక కాగితం వచ్చింది. సత్తియ్య పేరు, పక్కన "మరణించెను" అని ఒక్క మాట. మిషను బడి రాజరత్నం మాస్టారు మూడుసార్లు చదివినా అందులో రెండో మాట దొరకలేదు.

ఇప్పుడు అప్పాజీ గారు మళ్లీ వచ్చారు. ఇంకో పన్నెండుమంది కావాలట. పట్టీలో మొదటి పేరు పల్లంరాజుది, మరిడమ్మకి ఉన్న ఒక్కగానొక్క తమ్ముడిది. 

ఆ పల్లెలో ఒక కట్టు ఉంది. చేపల వేటకెళ్లిన పడవ ఒక మనిషి తక్కువై తిరిగొస్తే, పడవ తియ్యమని చెప్పిన తండేలు, అంటే పడవ పెద్ద, మోకాలిలోతు నీళ్లలో నిలబడాలి. పోయినవాడి ఇంటివాళ్లు అడిగినవాటికల్లా జవాబు చెప్పాలి. వాళ్లు ఎక్కమనేదాకా ఒడ్డెక్కకూడదు. అప్పటిదాకా రేవులో ఏ పడవా కదలదు.

"ఇంకా ఏంటి ఆలస్యం? పట్టీలోవాళ్లని ఎక్కించి పడవ తియ్యండి" అన్నారు అప్పాజీ గారు. ఆయన్ని తెచ్చిన పడవ ఆ పల్లెలోని వీరబ్రహ్మానిదే. అతను గడ కింద పెట్టేశాడు.

"కదలదండి. మరిడమ్మకింకా జవాబు రాలేదండి."

"మరిడమ్మ ఎవరు?"

"నేనేనండి" అంటూ ఆమె ముందుకొచ్చింది. "కిందటేడు ఓడెక్కమని సెప్పింది తవరేనండి. మాకు తండేలు తవరే. నీళ్లలో దిగి సెప్పండి."

తాసీల్దారు వెంట వచ్చిన బంట్రోతు కర్ర ఎత్తాడు. ఆయన వాణ్ని ఆపారు. పోటు తీసి నీరు వెనక్కి పోతోంది, ఇంకాసేపైతే పడవ బురదలో కూరుకుపోతుంది. పైగా ఇదేమిటో చూద్దామని ఆయనకీ కుతూహలం పుట్టింది. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి దిగారు. తతంగమే కదా, రెండు మాటలతో పోతుందనుకున్నారు పాపం.

"యుద్ధం ఎందుకొచ్చిందండి?"

"టేకు వర్తకం చేసే దొరలకి అక్కడి రాజు జరిమానా వేశాడు."

"కలప కోసమా!" మరిడమ్మకి ముందు ఆశ్చర్యం వేసింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. అయినా అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. "మా ఆయన పోయింది నీళ్ల మీదా, నేల మీదాండి?"

"కాగితంలో లేదు."

"పక్కనెవరున్నారండి?"

"తెలియదు."

"ఆ పూట అన్నం తిన్నాడాండి?"

 నీరు మోకాళ్లనుంచి పిక్కలదాకా దిగింది.

"తెలియదమ్మా" అన్నారు చివరికి. "నాకు కలెక్టరు దొర దగ్గర్నుంచి ఉత్తరువు వచ్చింది. ఆయనకి చెన్నపట్నం నుంచి, వాళ్లకి ఇంకా పైనుంచి. నేను పేర్లు రాశాను. ఎందుకని అడగలేదు."

మరిడమ్మ ఆయన వంకే చూసింది. అబద్ధమాడతాడనుకుంది, ఆడలేదు. తెలియదని ఒప్పుకునే మగాణ్ని ఆమె ఇంతవరకు ఒక్కణ్నే చూసింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎక్కండి బాబూ" అంది.

ఆయన ఒడ్డెక్కి తడిపంచె పిండుకుంటూ, "తండేలుకి జవాబు తెలియకపోతే మీరేం చేస్తారు?" అని అడిగారు. నిజంగా తెలుసుకుందామనే.

"ఏం సెయ్యమండి. ఆయన మాట మీద ఇంకెవరూ పడవెక్కరు."

అప్పాజీ గారు పట్టీ తీసి మొదటి పేరు పిలిచారు. పల్లంరాజు వెళ్లి అక్క పక్కన ఇసకలో చతికిలబడ్డాడు. తక్కిన పదకొండుమందీ వచ్చి అతని పక్కనే కూర్చున్నారు. తాసీల్దారు రెండో పేరు పిలవకుండా పట్టీ మడిచారు.

"పైవాళ్లకి రాసి, నీకు జవాబు తెప్పిస్తాను" అన్నారు పడవెక్కుతూ.

"కాగితం వద్దండి" అంది మరిడమ్మ. "ఆళ్లనే రమ్మనండి. లోతు మోకాలిదాకానే అని సెప్పండి."