కెప్టెన్ గారి తాడు

ఆయనతో వచ్చిన చిక్కల్లా ముళ్ళతోనే. ఇంట్లో ముడి కనిపించిందా, విప్పి తీరాలి. పొట్లం దారం, బూట్ల లేసు, కర్టెన్ తాడు, ఏదీ ఆయన గోళ్ళ నుంచి తప్పించుకోలేదు. విప్పిన దారాలన్నీ ఉండలు చుట్టి సొరుగులో దాస్తారు. ముప్పై ఏళ్ళలో ఆ సొరుగులోంచి ఒక్క దారమైనా బయటికొచ్చిన పాపాన పోలేదు. పోనీ కదా అని భార్య కత్తెర అందిస్తే, హంతకురాలిని చూసినట్టు చూస్తారు.

రేవు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాక, అక్కడి రెండు గదుల ఓడల మ్యూజియం ఆయనకి అప్పగించారు. జీతం లేదు, గౌరవం ఉంది. ఆయనకి కావలసిందీ అదే. సోమవారం పదింటికి కొత్త అద్దాల బీరువా ప్రారంభం. అందులో పెట్టమని, కాలం చేసిన ఓ కెప్టెన్ గారి కూతురు తండ్రి దాచుకున్న పాత తాడొకటి ఇచ్చింది. దాని చివర విసనకర్ర ఆకారంలో ఓ చెక్కముక్క. దుమ్ము దులిపి, పక్కన పెట్టే కార్డు రాయడానికి ఆయన దాన్ని ఇంటికి తెచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి ఆయన కార్డు చదువుకుని మురిసిపోతున్నారు.

"'ఓడ వేగాన్ని నాట్లలో చెబుతారు. నాటికల్ అనే మాటని నావికులు కుదించగా నాట్ అయింది.' ఎలా ఉందోయ్?"

"చాలా బాగుందండీ. నిజం కాదన్న ఒక్క లోటు తప్ప."

"కాలేజీలో ఇంగ్లీషు చదివానని ఇంకా ఎన్నాళ్ళు సాధిస్తావు? రేవులో పనిచేసింది నువ్వా, నేనా?"

"మీరే. నేను డిక్షనరీ చూశాను, అంతే. నాట్ అంటే ముడేనండీ. ఆ చెక్కని నీళ్ళలో వేస్తే దాదాపు వేసినచోటే నిలుస్తుంది. ఓడ ముందుకి పోతుంటే తాడు చేతిలోంచి జారుతుంది. ఇసక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముళ్ళు జారితే అన్ని నాట్ల వేగమన్నమాట. అందుకే తాడుకి కొలత ప్రకారం ముళ్ళు..."

ఆవిడ ఆగిపోయింది. బల్ల మీద తాడు నున్నగా, బుద్ధిగా చుట్టలు చుట్టుకుని ఉంది.

"ముళ్ళేవండీ?"

ఆయన గోళ్ళు చూసుకున్నారు. "అవా... పదకొండుండేవి. పొద్దుట్నించీ కూర్చుని..." గొంతు తగ్గింది. "ఒకటి మరీ మొండిది, ముడి మీద ముడి. పంటితో లాగాల్సొచ్చింది."

"భేష్. ఏ తుఫానూ ఆపలేని ఓడని ఇంట్లో కూర్చుని ఆపేశారు."

"చాల్లే. తాడు తాడే. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు గానీ, ఆయన మొహంలో రంగు లేదు. కెప్టెన్ కూతురు ప్రారంభానికి వస్తోంది మరి.

ఆవిడ తాడుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. ముడి లోపల మురికి చేరని చోట్ల తాడు తెల్లగా ఉంది. ఆ గుర్తుల మీదే పదకొండు ముళ్ళూ వేసింది. ఆయన సాయం ముడి జారకుండా వేలు నొక్కిపెట్టడం వరకే. విప్పడంలో అంత నేర్పరికి వేయడం రాదని ముప్పై ఏళ్ళకి బయటపడింది.

"ఆ నాటికల్ ముక్క కొట్టేయనా?"

"కార్డు జోలికి రాకు."

సోమవారం కెప్టెన్ కూతురు వచ్చింది. తల నెరిసిన పెద్దావిడ. బీరువాలో పెట్టేముందు ఒక్కసారి పట్టుకుంటానని తాడు అందుకుంది. కళ్ళు మూసుకుని ఒక్కో ముడీ తడుముతూ లెక్కపెట్టింది. ఐదో దాని దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"నాన్న నాకు అంకెలు దీని మీదే నేర్పారు. ఐదోది ఊడిపోతే నేను వేశాను, ఆరేళ్ళప్పుడు. ముడి మీద ముడి, గడ్డలా ఉండేది. నాన్న దాన్నెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు." కళ్ళు తెరిచింది. "ఇదేంటి, ఇంత తీరుగా ఉంది?"

పాత తాడు కదమ్మా, వదులైపోయి ఉంటుందని సర్దిచెప్పడానికి ఆయన నోరు తెరిచారు. భార్య వైపు చూశారు. ఆవిడ తిరగని ఫ్యానుని మహా శ్రద్ధగా పరిశీలిస్తోంది. ఆయన బీరువాలోంచి కార్డు తీసి, రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నేనే విప్పేశానమ్మా. పదకొండూ. నాట్ అంటే ముడేనని మా ఆవిడ చెప్పినా ఒప్పుకోలేదు." పెద్దావిడ చేతిలోని తాడు వైపు చూపించారు. "ఐదోది మీరే మళ్ళీ వేయండి. తప్పు నాదే."