కార్బన్లు లేని రంపం

డ్రిల్లు మెషీన్ వీపు విప్పి, అరిగిపోయిన రెండు కార్బన్లనూ చిన్న పటకారుతో బయటికి లాగాడు బొగ్గు బాబాయి. కిటికీ వైపు ఎత్తి చూశాడు. ఇంకో వారం ఆగి తెచ్చి ఉంటే మోటారే కాలిపోయేది.

కార్బన్లంటే మోటారులో తిరిగే భాగాన్ని అటూ ఇటూ ఒరుసుకుంటూ కరెంటు అందించే బొగ్గు దిమ్మెలు. చిటికెనవేలి గోరంత ఉంటాయి. యంత్రం తిరిగినన్నాళ్లూ అరుగుతూనే ఉంటాయి. అవి అరిగితేనే బాబాయికి పని. ముప్పై నాలుగేళ్లుగా ఆ నల్లపొడి గోళ్లలోకీ, అరచేతి గీతల్లోకీ దిగి, ఏ సబ్బుకూ లొంగకుండా స్థిరపడిపోయింది. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు.

పనిముట్ల దుకాణం వెనక భాగంలో, కిటికీ కింద ఆయన బల్ల. ఒకప్పుడు దాని మీద యంత్రాలు ఆసుపత్రి వరండాలో రోగుల్లా వరసకట్టేవి. ఈమధ్య కొత్త యంత్రాలకు కార్బన్లే ఉండడం లేదు. బ్రష్‌లెస్ అంటారు. అరిగేదేమీ లేదు కాబట్టి మార్చేదీ లేదు. ఆ ఉదయం బల్ల మీదున్నవి మూడే.

దుకాణం నడిపేది చనిపోయిన యజమాని కోడలు. రెండు నెలలుగా ఆ అమ్మాయి చూపు తన బల్ల ఉన్న మూలను కొలుస్తోందని బాబాయి కనిపెట్టాడు. అక్కడ అద్దాల బీరువా పెట్టాలని ఉంది. చెప్పడానికి వస్తుంది, నిలబడుతుంది. "టీ తాగారా బాబాయ్?" అని వెళ్లిపోతుంది. ఈ లెక్కన బాబాయి రోజుకు నాలుగు టీలు తాగినట్టు ఒప్పుకోవాల్సి వస్తోంది.

పదకొండింటికి ఒక టైలరమ్మ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మెడలో టేపు, జాకెట్టు భుజాన రంగురంగుల దారపు పోగులు. బ్యాటరీతో నడిచే రంపం కావాలంది. వాళ్లక్కకు షుగరు వల్ల ఒక కాలు తీసేశారట. చక్రాల కుర్చీ వచ్చింది గానీ, గుమ్మం ముందు నాలుగు మెట్లున్నాయి. అయిదు నెలలుగా ఆవిడ వీధి మొహం చూడలేదు. వడ్రంగిని పిలిస్తే రేపంటాడు.

"పదకొండుసార్లు రేపన్నాడు. బట్ట కోసే చెయ్యి చెక్క కొయ్యలేదా? ర్యాంపు నేనే చేసుకుంటా," అంది.

కోడలు రెండు రంపాలు తెచ్చి పెట్టింది. ఒకటి కార్బన్లది, ఒకటి బ్రష్‌లెస్. ఏది మంచిదని అడిగితే, ఖరీదైనదే మంచిదంది. టైలరమ్మ ఒప్పుకోలేదు. ఖరీదైన బట్టంతా మంచి బట్ట కాదని ముప్పై ఏళ్లుగా చూస్తోందట. చివరికి కోడలు బాబాయిని కేకేసింది.

బాబాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి మూడే అడిగాడు. ఏం కోస్తారు, ఎన్నాళ్లు కోస్తారు, ఏ చెయ్యి నొప్పి? మూడోదానికి టైలరమ్మ కుడి మణికట్టు చూపించింది. కత్తెర ఇచ్చిన బహుమానం.

ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎప్పుడో ఒకసారి రెండు పలకలు కోసుకునేవాళ్లకు కార్బన్లది చాలు. ధర తక్కువ. కార్బన్లు అరిగితే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. కాకపోతే మందపాటి చెక్క మీద వేడెక్కుతుంది, బ్యాటరీని తొందరగా తాగేస్తుంది. రెండోదానిలో రాపిడి లేదు కాబట్టి అదే బ్యాటరీతో ఎక్కువసేపు కోస్తుంది, బరువూ కాస్త తక్కువ. కానీ చెడిందా, లోపలి సర్క్యూటు మార్చాల్సిందే. తనలాంటి వాడు బల్ల మీద పెట్టి బాగుచేసేది కాదు.

"ర్యాంపు ఒక్కటేనా?" అని అడిగాడు.

"ర్యాంపుతో మొదలు. తరవాత వంటగట్టు, అలమరలు, స్నానాల గదిలో బల్ల. అక్క కూర్చునే ఎత్తుకి ఇల్లంతా దించాలి."

బాబాయి ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, పాత దూలం ముక్కను బల్లకు బిగించాడు. కళ్లద్దాలు పెట్టించాడు. రంపం ఇరుక్కుంటే తొయ్యొద్దు, మీట వదిలేయాలన్నాడు. బ్యాటరీ ఊడదీయకుండా బ్లేడు ముట్టుకోకూడదన్నాడు. తాను మాత్రం రంపం మీద చెయ్యి వేయలేదు.

కార్బన్లది సగం దాకా హుషారుగా పోయి, చెక్కలోని ముడి దగ్గర గొణిగి ఆగింది. వెనక సందుల్లోంచి నీలి నిప్పురవ్వలు, కాలిన వాసన. టైలరమ్మ మీట వదిలి, ఎడమ చేత్తో కుడి మణికట్టు రుద్దుకుంది. మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా కోసింది. బ్రష్‌లెస్ అదే ముడి దగ్గర గొంతు కాస్త మార్చుకుని దాటుకుపోయింది. కోత గీత గీసినట్టు వచ్చింది.

ఇలాంటిది ఒకటి అమ్ముడైతే తన బల్లకు రావలసిన యంత్రం ఒకటి తగ్గినట్టే. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడి సామెత, అదీ రంపం పక్కన నిలబడి గుర్తురావడంతో బాబాయికి లోలోపల నవ్వొచ్చింది.

"రెండోది తీసుకోండమ్మా. దీనికి నాతో పని పడదు," అన్నాడు.

రంపం పెట్టె చంకన పెట్టుకుని, పోతూపోతూ ఆవిడ ఒక మాట అడిగింది. మీ ఇంట్లో ఏది వాడతారు? బాబాయి ఇంట్లో రంపమే లేదు. వంటింట్లో ఒక అర కొట్టమని భార్య అడగడం మొదలుపెట్టినప్పుడు కూతురు పలక పట్టుకుని బడికెళ్లేది. ఇప్పుడు ఆ కూతురికే ఇద్దరు పిల్లలు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత పెట్టేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. డ్రిల్లు మెషీన్ ముగించాడు. గ్రైండరు ముగించాడు. మూడోది మిగిలింది. ఏడేళ్ల కింద ఎవరో పెద్దమనిషి ఇచ్చి వెళ్లిన పాత రంపం. దాని కార్బన్లు తయారవడమే మానేశాయని ఎప్పటికప్పుడు పక్కన పెడుతూ వచ్చాడు. ఆ మనిషి మళ్లీ రాలేదు. ఉన్నాడో లేడో కూడా తెలియదు.

బాబాయి పెద్ద కార్బన్లు రెండు తీసుకుని ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు. మొదటిది విరిగింది. ఇంకోటి తీసుకున్నాడు. వెంట్రుకవాసి ఎక్కువైతే పట్టదు, తక్కువైతే ఊగుతుంది. చెమట కంట్లోకి దిగినా తల ఎత్తలేదు. నాలుగున్నరకు రెండూ గూట్లో కూర్చున్నాయి. మీట నొక్కితే రంపం దగ్గింది, రవ్వలు రాల్చింది, కాసేపటికి నిదానించి సాఫీగా తిరిగింది. తిరుగుతున్నంతసేపూ కళ్లు మూసుకుని విన్నాడు.

అయిదింటికి కోడలు వచ్చి నిలబడింది. "టీ తాగారా బాబాయ్?"

"తాగానమ్మా. రేపటి నుంచి రాను. ఈ మూల నీకు పనికొస్తుంది."

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. మావయ్య పేరెత్తింది, తను ఎప్పుడూ అలా అనుకోలేదంది. అబద్ధం చెప్పడం చేతకాక కళ్లు తుడుచుకుంది. బాబాయి ఊరుకోబెట్టలేదు, తప్పూ పట్టలేదు. ఒక రంపం కావాలన్నాడు, కార్బన్లదే. పొద్దున టైలరమ్మకు చెప్పింది మీకు వర్తించదా, మంచిదే తీసుకెళ్లండని ఆ అమ్మాయి పట్టుబట్టింది.

"ఆవిడ చెయ్యి వేరు, పని వేరు. నేను కొట్టేది ఒక్క అర. పాడైతే బాగుచేసేవాడు మా ఇంట్లోనే ఉన్నాడు," అన్నాడు.

పెట్టె భుజాన పెట్టుకుని, జనంలో కలిసి బస్టాపు వైపు నడిచాడు. వెనక్కి చూడలేదు.

వారం తరవాత టైలరమ్మ మేకులకు వచ్చింది. ఈసారి ఒంటరిగా రాలేదు. దుకాణం బయట, మెట్టు కింద, చక్రాల కుర్చీలో వాళ్లక్క కూర్చుని ఎండలో కళ్లు చికిలించి వచ్చేపోయేవాళ్లను చూస్తోంది. బాబాయి ఏరని అడిగితే, మానేశారని కోడలు చెప్పింది. టైలరమ్మ మెడలో టేపు తీసి, వంగి, దుకాణం మెట్టు ఎత్తు కొలుచుకుంది. ఆదివారం వచ్చి ఇక్కడా ర్యాంపు చేస్తానని, చెక్క తనదేనని చెప్పింది.

అద్దాల బీరువా ఇంకా రాలేదు. కిటికీ కింద బల్ల మీద ఆ పాత రంపం ఒక్కటే ఉంది. పిడికి దారంతో కట్టిన చీటీ మీద, నల్లటి అక్షరాల్లో ఒకే మాట: నడుస్తుంది.