ఉప్పు చూడని వంట

నివేదన కాకముందు వంట రుచి చూడకూడదు, ఎంగిలి. ఉప్పు మాత్రం సరిపోవాలి. ఎలా సరిపోతుందో ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదకొండేళ్లయినా నాకు అంతుబట్టలేదు. ఈ పొద్దున కూడా పులుసు నోట పెట్టగానే అత్తగారు, "చప్పగా ఏడ్చింది. దీని మనసంతా ఆ కాలేజీలోనే ఉంటాది" అన్నారు. మా ఆయన శేషాద్రి విస్తట్లోంచి తలెత్తకుండానే, "ఈ పొద్దు రాజీనామా ఇచ్చేసి రా చూడామణీ. అమ్మకు మడివంట చేసేదానికి మనిషి కావల్ల" అన్నాడు. ఆ కాయితం ఆయనే రాసి పెట్టాడు. నేను సంతకం చేశాను. వాదించే ఓపిక ఎక్కడిది? ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల వచ్చేదాకా నిద్రపోయాను.

కాలేజీ ల్యాబులో నేను డిమాన్‌స్ట్రేటర్ని. ఈ రోజు ఎంజైమ్ ప్రాక్టికల్. గంజిలో ఉమ్మి కలిపితే అందులోని ఎంజైమ్ పిండిని అరగదీస్తుంది. అయోడిన్ చుక్కతో నీలం వచ్చిందంటే పిండి ఇంకా అరగలేదని అర్థం. పిల్లలు ఛీ అంటారు కనక ఏటా ఉమ్మి నాదే. ఇంట్లో పనికిరాని నా ఎంగిలి ఇక్కడ పాఠం. యాసిడ్ పోసిన ట్యూబులో నీలం వచ్చింది. మరిగించినదాంట్లోనూ, మంచులో పెట్టినదాంట్లోనూ నీలమే. ఒంటివేడిలో ఉంచినది ఒక్కటే పని చేసింది.

"మంచుదీ మరిగిందీ, రెండూ చచ్చినయి. రాసుకోండి" అన్నాను. తప్పు చెబుతున్నానని కూడా తోచలేదు, అంత అలసట.

అనిత రాసుకోలేదు. గడివేముల నుంచి వచ్చే పిల్ల, మహా మొండిది. మరిగిన ట్యూబును చల్లారబెట్టి, మంచుదాన్ని గుప్పిట్లో పట్టుకుని కూచుంది. పావుగంటకు మళ్లీ చుక్కలు వేసి చూసింది. మరిగినదాంట్లో నీలం అట్లాగే ఉంది. మంచుదాంట్లో రాలేదు.

"ఇది చావలే మేడం. చలికి ఊరికే పడి ఉండింది. పోయిన వారం మీరే చెప్తిరి గదా?"

నేనే చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. నన్ను నేను ఏనాడో మరిగిపోయినదాని కింద జమకట్టుకున్నాను.

"నాదే తప్పు. కొట్టేసి మళ్లీ రాయండి" అన్నాను.

సాయంత్రం పొయ్యి మీద పులుసు తెర్లుతుండగా శేషాద్రి వంటింటి గడపలో నిలబడ్డాడు.

"ఇచ్చినావా?"

నేను గరిటెతో కాస్త పులుసు అరచేతిలో వేసుకుని నాకాను. ఆయన వెనకే వచ్చిన అత్తగారు కేక పెట్టారు. "అయ్యో, పెరుమాళ్లకింకా పెట్టనే లేదు, ఎంగిలి చేస్తివి గదే!"

"ఉప్పు తక్కువైంది అత్తమ్మా" అని చిటికెడు వేశాను. తర్వాత ఆయన వైపు తిరిగాను. "కాయితం ఇయ్యలే. ఇయ్యను."

ఇంకోసారి రుచి చూశాను. ఉప్పు సరిపోయింది.