వెనక గుండీలు

“కదలకు. ఇంకా రెండున్నాయి,” అన్నాడు భర్త వెనకనుంచి.

పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. కళ్ళెదుటే కనిపిస్తున్నా ఆమెకు అడుగు వేసే వీల్లేదు, వీపు ఆయన చేతిలో ఉంది మరి. పాలు పొంగి మంట ఆరి, మాడు వాసన వంటింటి నిండా కమ్ముకున్నాక ఆయన తీరిగ్గా కోటు మెడ దగ్గరి గుండీ కూడా పెట్టి, “కాస్త చూసుకోవద్దూ?” అన్నాడు. వాకిట్లో కుర్చీలో కూర్చున్న అత్తగారు మురిసిపోయింది. “మా రోజుల్లో మొగుడు మొహం చూడాలంటేనే గగనం. నీకు దగ్గరుండి గుండీలు పెడుతున్నాడు. పెట్టి పుట్టావమ్మాయ్!” అంది. పొయ్యి కడిగే పని మాత్రం పెట్టి పుట్టినావిడకే మిగిలింది.

ఆ కోటు సంగతి చెప్పాలి. ఇద్దరూ ఒకే బడిలో పనిచేస్తారు. ఆయన లెక్కలు, ఆమె సైన్సు. పంతులమ్మల బట్టలు పద్ధతిగా లేవని ఎవరో తల్లిదండ్రులు గొణిగారట. ఎవరో ఏమిటో ఈ రోజుకీ తెలీదు. బడిలో అందరూ ‘పెద్ద మేడం’ అని పిలిచే హెడ్మిస్ట్రెస్ వెంటనే ఒక కమిటీ వేసింది, దానికి పెద్ద ఈ లెక్కల మాస్టారే. మగవాళ్ళు చొక్కా లోపలికి దోపుకుంటే చాలన్నారు. ఆడవాళ్ళకు మాత్రం చీర మీద మోకాళ్ళు దాటే బూడిదరంగు కోటు, మెడ దాకా మూసి ఉండాలి. “గుండీలు వెనక పెట్టించండి మేడం. ముందుంటే మధ్యలో సందులు పడతాయి, పిల్లల చూపు అక్కడే ఉంటుంది,” అని సలహా ఇచ్చింది ఆయనే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎవరివైపూ చూడలేదు, భార్యవైపు తప్ప.

డ్రాయింగ్ టీచర్ ఒంటరిగా ఉంటుంది. ఆవిడ లేచి, “మా ఇంట్లో నేనూ గోడలూ తప్ప ఎవరూ లేరు. నాకు గుండీలు ఎవరు పెడతారు సార్?” అని అడిగింది. “అయితే త్వరగా పెళ్ళి చేసుకోండి,” అన్నాడు లెక్కల మాస్టారు. గదంతా గొల్లుమంది. సైన్సు టీచరూ నవ్వింది. అందరూ నవ్వుతుంటే మొగుడి మాటకు నవ్వకుండా ఎలా ఉంటుంది! ఆ రోజునుంచి డ్రాయింగ్ టీచర్ పక్కింటావిడ తలుపు తట్టి గుండీలు పెట్టించుకుంటోంది. ఒకసారి దారిలో కలిసినప్పుడు, “నాకైతే తలుపు తట్టినంత సేపే పడుతుంది. మీకెలా ఉంది?” అని అడిగింది. “మాకేం, ఇంట్లోనే ఉన్నారుగా,” అంది ఈమె.

మొదట్లో ఆయన ఆ పని చకచకా చేసేవాడు. రానురాను తీరిక పెరిగింది. మందపాటి గుడ్డ, బిగుతు కాజాలు. చేతులు వెనక్కి మెలితిప్పి ఆమె ఎన్నిసార్లు ప్రయత్నించినా నడుం దగ్గరి రెండు పడేవి, పైవి పడేవి కాదు. అది ఆయనకు తెలుసు. “నిన్న అమ్మకు ఎదురు చెప్పావు. తప్పయిందను, పెడతా,” అనేవాడు. “మీ అక్క ఫోన్ చేస్తే ఇక్కడ మాట్లాడకుండా గదిలోకెళ్ళి ఎందుకు మాట్లాడుతున్నావు? చెప్పు, పెడతా.” గొంతు పెంచేవాడు కాదు. వేళ్ళు మాత్రం మెడ వెనక ఆగిపోయేవి. గోడ గడియారం ముల్లు కదులుతుండేది, గేటు దగ్గర పెద్ద మేడం నిలబడి ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూస్తుంటుందని ఆమెకు తెలుసు. “తప్పయింది” అనేసేది. మాటదేముంది, గాల్లో పోయేదే కదా అని సరిపెట్టుకునేది. గుండీలు పెట్టమని అత్తగారిని అడిగితే, “మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకమ్మా!” అని తప్పుకునేది, మిగతా అన్నిటి మధ్యకూ వచ్చే మనిషి.

ఒకరోజు, కోట్లు మగవాళ్ళకూ పెట్టమని స్టాఫ్ రూములో ఆమె నోరుజారింది. మర్నాడు ఆయన గుండీలు సగం పెట్టి, “టైమైపోయింది,” అంటూ స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. ఆమె ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో వీపు పట్టుకుని బస్సులో నిలబడి వెళ్ళింది. గేటు దగ్గర పెద్ద మేడం పక్కనే ఆయన ఉన్నాడు. “ఏమిటండీ మేడం ఈ అవతారం? పిల్లలు చూడరూ?” అన్నాడు, అందరిముందూ, ముక్కూ మొహం తెలియని మనిషిని అన్నట్టు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇంకోసారి ఇలా వస్తే ఉద్యోగం సంగతి ఆలోచించుకోవాల్సి వస్తుందని పెద్ద మేడం హెచ్చరించింది. ఆ ఉద్యోగం పోతే ఆమెకంటూ మిగిలేది ఆ వంటిల్లే.

నిన్న ల్యాబ్‌లో ఏడో తరగతికి స్పిరిట్ దీపం వెలిగించి చూపిస్తోంది. “బట్టలకు నిప్పంటుకుంటే ముందు ఏం చేయాలి?” అనడిగింది. ఏటా అడిగే ప్రశ్నే. “విప్పి పారెయ్యాలి మేడం!” అని అందరూ అరిచారు. ముందు బెంచీలో కూర్చునే ఒక పిల్లను టీచర్లంతా ‘ప్రశ్నల పుట్ట’ అంటారు. ఆ పిల్ల లేచింది. “మరి మీరెలా విప్పుతారు మేడం?”

ఎవరూ నవ్వలేదు. దీపం చిన్నగా ఊగింది. “రేపు చెప్తాను, కూర్చో,” అంది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో పిల్లల ప్రశ్నను రేపటికి నెట్టడం అదే మొదటిసారి. దీపం ఆర్పేసింది కానీ వీపు మీది చెమట ఆరలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే, “కాస్త విప్పరూ?” అనడిగింది. అత్తగారు గుడికెళ్ళింది. ఆయన టీవీ ముందు కాళ్ళు చాపుకుని, “ముందు టీ తీసుకురా. ఎక్కడికి పోతావు?” అన్నాడు. కోటుతోనే పొయ్యి వెలిగించింది. అవతలి పొయ్యి మీది గిన్నె అందుకోబోతే కోటు వదులు చేయి మంటకు తగిలింది. అంచు నల్లబడి, ఎర్రబడి, ఆమె చూస్తుండగానే మంట మణికట్టు దాటింది. “ఏమండీ!” అంది. చేయి విదిలించింది. మంట పెద్దదైంది. రెండో చేయి దానంతటదే వీపు మీదకు పోయి గుండీల కోసం వెతుక్కుంది. దొరకలేదు. “ఏమండీ! ఏమండీ!” అని గొంతు చించుకుంది. చివరికి గిన్నెలు నానబెట్టిన తొట్టిలో చేయి మోచేతి దాకా ముంచేసింది. చుయ్‌మంది. అంతే, ఆరిపోయింది.

వెనక్కి తిరిగింది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, భుజం తలుపుకు ఆనించి. టీవీ ఎప్పుడో కట్టేసినట్టుంది, ఇల్లంతా నిశ్శబ్దం.

“ఆ గావుకేకలేమిటి? ఇరుగుపొరుగు ఏమనుకుంటారు? మొదటిసారి పిలిచినప్పుడే వచ్చాగా.”

ఆమె “వచ్చి?” అంది.

“ఏం చేస్తావో చూద్దామని. పిల్లలకు పాఠాలు చెప్పేది నువ్వేగా!” అని నవ్వాడు. వచ్చి ఆమెను తిప్పి, ఒక్కో గుండీ విప్పుతూ, “కొత్త కోటు తగలేశావు,” అన్నాడు. ఆ వేళ్ళు వీపు మీద పాకుతుంటే ఆమెకు అప్పుడు వేసింది భయం. మంటను చూసినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆమె తయారై నిలబడి ఉంది. కోటును ముందువెనకలు చేసి తొడుక్కుంది. కాలర్ లేని కోటే కాబట్టి చంకల దగ్గర కాస్త పట్టింది, అంతే. కట్టు కట్టిన చేత్తోనే గుండీలన్నీ తనే పెట్టుకుంది. మెడ దగ్గరిది వదిలేసింది. కోటు కాలిన చేయి నల్లగా వేలాడుతోంది.

“అదేమిటి? రూలు తెలీదా? ఇటు తిరుగు,” అన్నాడు.

ఆమె తిరగలేదు. భుజాన రోజూ వేసుకునే సంచీ కాకుండా పెద్ద సంచీ ఉంది. అందులో రెండు జతల బట్టలు, సర్టిఫికెట్లు. డ్రాయింగ్ టీచర్‌కు పొద్దున్నే ఫోన్ చేసి ఒకే మాట అడిగింది. “గోడలు తప్ప ఎవరూ లేరని చెప్పానుగా, రండి,” అందావిడ. ఆ సంగతి ఈయనకు సాయంత్రం తెలుస్తుంది. అప్పుడేం చేస్తాడో ఆలోచించకుండా ఉండలేకపోయింది. అయినా గడప దాటింది.

గేటు దగ్గర పెద్ద మేడం నోరు తెరిచింది. “ఎవరు చెప్పారు మీకు ఇలా వేసుకోమని?”

“ఏడో తరగతి పిల్ల ఒక ప్రశ్న అడిగింది మేడం. జవాబు బాకీ ఉంది. చెప్పేసి మీ దగ్గరికే వస్తాను,” అని ఆగకుండా లోపలికి నడిచింది.

ల్యాబ్‌కు పక్క గదే లెక్కల క్లాసు. ఆయన గొంతు గోడలోంచి వినిపిస్తూనే ఉంది. పిల్లలు ఆమె కాలిన చేతివైపు చూసి గుసగుసలు మానేశారు. “నిన్న నువ్వేదో అడిగావు. మళ్ళీ అడుగు,” అంది. ప్రశ్నల పుట్ట బెరుగ్గా లేచింది. “నిప్పంటుకుంటే మీరెలా విప్పుతారు మేడం?”

ఆమె దీపం వెలిగించి బల్ల మీద పెట్టింది. పై గుండీ నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ విప్పుకుంటూ వచ్చింది, ఆఖరి బెంచీకి కూడా కనిపించేలా. పక్క గదిలో గొంతు ఆగిపోయింది. గుమ్మం వైపు అడుగుల చప్పుడు వినిపించింది. అటు చూడకుండానే కోటు తీసి బల్ల మీద పడేసింది.

“ఇలా,” అంది. “ఎవరినీ పిలవకుండా.”